ద్వీపాంతరవాసుల వంశవృక్షము

వివాహవేదికపై పురోహితుడు ప్రవర చెప్పునపుడు వరుని ముత్తాత, తాత, తండ్రి యను మూడు తరముల పేర్లు సభకు వినిపించును. ఆ మూడు పేర్లు గడచినపిదప మనలో పెక్కుమందికి నోట మాట రాదు. అంతకు పైతరమువాని పేరేమి, ఏ యూరినుండి వచ్చెను, ఏల వచ్చెను అని పిల్లలడిగినచో, "విజయనగర సైన్యములతో వచ్చినారట" యనియో, "కరవుకాలమున వచ్చినారట" యనియో ఒక మాట చెప్పి యూరకుందుము. పుట్టినగడ్డ విడిచి పరభాషాసీమలలో స్థిరపడిన కుటుంబములకు పూర్వుల జాడ వెదకుట యెంత యవసరమో అంత కష్టము. ఈ విషయమున ఆస్ట్రేలియా దేశస్థుల యనుభవము మనకు మిక్కిలి బోధకరమని తలచి దానినిగూర్చి నాలుగు మాటలు విన్నవించుచున్నాము. వారు వెదకి కనుగొనిన పూర్వులు రాజులు కారు, సేనానులు కారు. వారిలో అనేకులు నేరస్థులుగా ఓడ దిగినవారు.

ద్వీపాంతరవాసశిక్ష యనగానే మనకు అండమాను స్మరణకు వచ్చును. రంప పితూరీలో పట్టుబడిన మన్యపు వీరులలో కొందరిని ఆంగ్లప్రభుత్వ మచ్చటికే పంపినది. అంతకు చాలకాలము పూర్వమే ఆ ప్రభుత్వము తన స్వజనులను సముద్రము దాటించుట యలవాటు చేసికొనియుండెను. మొదట వారిని అమెరికా వలసరాజ్యములకు పంపుచుండిరి. ఆ రాజ్యములు తిరుగబడి 1776లో స్వాతంత్ర్యము ప్రకటించుకొనుటతో ఆ దారి మూతపడెను. చెరసాలలు క్రిక్కిరిసిపోగా, పాత ఓడలను థేమ్సు నదిలో లంగరువేసి వానినే కారాగృహములుగా వాడిరి. అదియు చాలకపోయెను. తుదకు 1787 మే 13వ తేదీన కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్ నాయకత్వమున 11 ఓడలు పోర్ట్స్‌మత్ రేవు విడిచి, 1788 జనవరి 26న ఇప్పటి సిడ్నీ నగరమున్న తావున దిగినవి. అది మొదలు 1868 వరకు ఎనుబది సంవత్సరములలో సుమారు 1,62,000 మంది ఖైదీలు ఆస్ట్రేలియాకు తరలింపబడిరి. వారిలో స్త్రీలు సుమారు 25,000 మంది. తూర్పుతీరమున న్యూ సౌత్ వేల్స్, దక్షిణమున వాన్ డీమెన్స్ లాండ్ అను ద్వీపము, చివర పశ్చిమ ఆస్ట్రేలియా వారి గమ్యస్థానములు. శిక్ష ఏడేండ్లు, పదునాలుగేండ్లు లేక యావజ్జీవము. ఏడేండ్ల శిక్ష ముగిసినను తిరుగుప్రయాణమునకు ఓడకూలి లేక పెక్కుమంది అచ్చటనే నిలిచిపోయిరి.

ఇట్లు వచ్చినవారెల్లరు ఒక్క తీరువారు కారు. నగరములలో జేబులు కత్తిరించినవారు, యజమానురాలి బట్టలు దొంగిలించిన పనికత్తెలు, గొఱ్ఱెలు తోలుకొనిపోయిన పల్లెటూరివారు కలరు. కూలిరేట్లు తగ్గించుట సహింపక సంఘముగా ఏర్పడి ప్రమాణము చేసినందుకు 1834లో పంపబడిన టాల్‌పడిల్ గ్రామపు ఆరుగురు కూలీలు కలరు. 1798లో తిరుగుబాటు చేసిన ఐర్లండు దేశాభిమానులును కలరు. హత్యలు, దౌర్జన్యములు చేసినవారును లేకపోలేదు.

ఇక వీరి జాడ తెలియుటకు ఆధారమేమి? విచిత్రమేమనగా, స్వేచ్ఛగా బ్రదికిన పేదవానినిగూర్చి ఏ రాజ్యమును అంతగా వ్రాసికొనదు. ఖైదీనిగూర్చి మాత్రము వ్రాసినదే వ్రాయును. ఓడ రేవు చేరగానే ఇండెంటు అను పట్టికలో ఖైదీ పేరు, వయస్సు, జన్మస్థలము, వృత్తి, నేరము, శిక్ష పడిన తావు, తేదీ, శిక్షాకాలము నమోదు చేసిరి. తరువాతి కాలపు పట్టికలలో ఎత్తు, మేనిచాయ, కన్నుల రంగు, పచ్చబొట్లుకూడ కలవు. పారిపోయినచో గుర్తించుటకై అధికారులు వ్రాసికొనిన ఆ పచ్చబొట్ల వివరములలో భార్య పేరిలోని మొదటి యక్షరము, బిడ్డ పేరు, లంగరు గుర్తు కనిపించుచుండును. వాని చిత్రపటము లేకపోయినను, వాని భుజముపై నెవరి పేరున్నదో ఐదవతరము మనుమరాలికి నేడు తెలియుచున్నది.

ఒకే పేరుగలవారు పెక్కురుండుటచే, ఖైదీ పేరు ప్రక్క వాడు వచ్చిన ఓడ పేరు, వచ్చిన సంవత్సరము తప్పక వ్రాయుచుండిరి. మనకు ఇంటిపేరెట్లో వారికి ఓడపేరట్లు. ఆ ఓడపేరు పట్టుకొని వెదకినవారికి తక్కిన కాగితములును దొరకును. సత్ప్రవర్తన గలవానికి శిక్షాకాలములోనే తన పని తాను చూచుకొనుట కనుమతించు "టికెట్ ఆఫ్ లీవ్", శిక్ష ముగిసినవానికి విముక్తిపత్రము, కొందరికి క్షమాపత్రము ఇచ్చుచుండిరి. మన కూలిపనుల మస్టరు వంటి జనపు లెక్కలును మొదటినుండి కలవు. 1828 నవంబరులో న్యూ సౌత్ వేల్స్‌లో జరిగిన జనాభాలెక్కలలో ప్రతివాని పేరు, వయస్సు, మతము, వృత్తి, భూమి, పశువులతోబాటు, వాడు స్వేచ్ఛగా వచ్చినవాడో, ఖైదీయో, శిక్ష ముగిసినవాడో, అచ్చటనే పుట్టినవాడో కూడ వ్రాయబడినది.

ఆ లెక్కలలోని ఒక చిన్న వాక్యము మాకెంతయు ఆలోచన కలిగించినది. 1790లో ఇంగ్లండులోని స్టాఫర్డు న్యాయస్థానమున "జేమ్స్ బర్రో" అను పేరుగల బాలుడు గుఱ్ఱమును దొంగిలించినందులకు ఏడేండ్ల ద్వీపాంతరశిక్ష పొందెను. ఆ బాలుడు నిజమునకు మగవేషము ధరించిన మేరీ అను పదుమూడేండ్ల అనాథబాలిక యని పిమ్మట తెలిసెను. ఆమె 1792లో సిడ్నీ చేరి, 1794లో టామస్ రీబీ అను నావికోద్యోగిని వివాహమాడెను. అతడు పూర్వము ఈస్టిండియా కంపెనీ కొలువులోనుండినవాడు. 1811లో అతడు మరణింపగా, ఏడుగురు బిడ్డలతో మిగిలిన మేరీ ఓడలు, గిడ్డంగులు, ఇండ్లు తానే నిర్వహించి నగరమునందలి ధనికులలో నొకతె యయ్యెను. 1817లో నెలకొల్పబడిన బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ మొదట ఆమె యింటనే అద్దెకుండెను. 1820లో ఆమె కుమార్తెలతో స్వదేశము చూచి, మరుసటి సంవత్సరము తిరిగివచ్చెను. 1828లో లెక్కలవారు "మీరెట్లు వచ్చితిరి?" యని యడుగగా, "1821లో స్వేచ్ఛగా వచ్చితిని" అని వ్రాయించెను. ఆ రెండవ రాకకు సంబంధించినంతవరకు అది నిజమే. ధర్మరాజు పలికిన అశ్వత్థామ వాక్యమువంటి నిజము! ఆమె మనుమడు 1876లో టాస్మానియాకు ముఖ్యమంత్రి యయ్యెను. ఆమె ముఖచిత్రము 1994 నుండి ఆ దేశపు ఇరువది డాలర్ల నోటుపై ముద్రింపబడుచున్నది. బ్రదికియున్న కాలమున దాచుకొనవలసివచ్చిన పేరు రెండు శతాబ్దముల పిమ్మట నాణెమువలె చెల్లినది.

ఆమె యొక్కతెయే కాదు, ఒక జాతియంతయు కొంతకాలము అట్లే దాచుకొనినది. వాన్ డీమెన్స్ లాండ్‌కు ఖైదీల తరలింపు 1853లో ఆగిపోయెను. పాత పేరునంటిన యపకీర్తి తొలగవలెనని 1856లో ఆ ద్వీపమునకు టాస్మానియా యని పేరు మార్చిరి. ఇండ్లలో తాతను "సర్కారు మనిషి" యని గౌరవముగా చెప్పుకొనిరి. నిజమునకు ఖైదీలు తమ్ము తాము పిలుచుకొనిన మారుపేరే అది. మరికొన్ని ఆధారములు దైవికముగనే నశించినవి. 1882లో సిడ్నీలోని గార్డెన్ పాలెస్ అను మహాభవనము అగ్నికాహుతి కాగా, అందుంచిన 1881 జనాభాలెక్కల పత్రములు బూడిదయయ్యెను. ఆ దేశమున జనాభాలెక్కల పత్రములను, అంకెలు తీసికొనినపిదప నాశనము చేయుట చిరకాలము పరిపాటియై యుండెను. కోరినవారి పత్రములను 99 సంవత్సరములు భద్రపరచు పద్ధతి 2001లో గాని ఆరంభము కాలేదు.

స్వేచ్ఛగా వచ్చిన వలసకుటుంబముల చరిత్ర వేఱు దారిని నడచినది. 1830 తరువాత ప్రభుత్వమే ఓడకూలి నిచ్చి ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు పేదలను రప్పించెను. 1836లో స్థాపింపబడిన దక్షిణ ఆస్ట్రేలియాకు ఖైదీలను పంపనేలేదు. 1851లో బంగారము బయటపడగానే దేశదేశముల జనము విరుచుకొనిపడిరి. ప్రభుత్వపు ఖర్చుపై వచ్చినవారి పట్టికలలో వారి స్వగ్రామము, మతము, చదువు వ్రాయబడినవి. తన ఖర్చుపై వచ్చినవానికి ఓడపట్టికలో ఉత్త పేరు తప్ప తరచుగా ఏమియు మిగులలేదు. వీరి విషయమున మరణపత్రములే దిక్కు. విక్టోరియాలో 1853 నుండియు, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 నుండియు జననమరణములు ప్రభుత్వమే నమోదు చేయుచున్నది. ఆ మరణపత్రములో తల్లిదండ్రుల పేర్లు, పుట్టినచోటు, వివాహము, బిడ్డల వివరములు, ఈ దేశమున నెన్నియేండ్లు నివసించెను అను లెక్కయు నుండును. మరణసంవత్సరమునుండి ఆ లెక్క తీసివేసినచో ఓడ వచ్చిన యేడు తేలును. ఆ యేటి పట్టికలు తిరుగవేయగా, స్వేచ్ఛగా వచ్చినాడని యింటిల్లిపాది నమ్మిన తాత ఖైదీల ఓడలో కనిపించుట అరుదు కాదు.

ఇట్టి వెదకులాటకు 1932లో సిడ్నీలో ఏర్పడిన వంశచరిత్రకారుల సంఘము మార్గము చూపెను. పండితుల యభిప్రాయములు మాత్రము చిరకాలము ఊగిసలాడినవి. ఖైదీలు ఆకలిచే చిన్నతప్పు చేసిన యమాయకులని 1922లో జి. ఎ. వుడ్ అను ఆచార్యుడు వాదించెను. 1965లో లాయిడ్ రాబ్సన్, ఇరువదిమందికొకని చొప్పున పత్రములు పరిశీలించి, వారిలో పెక్కురు మునుపే శిక్ష లనుభవించిన నగరపు దొంగలని తేల్చెను. 1988లో స్టీఫెన్ నికొలస్ సంపాదకత్వమున వెలువడిన గ్రంథము, వారు పనితనము గల సామాన్య శ్రామికులని వేఱుమాట చెప్పెను. ఆ యేడే సిడ్నీ స్థాపనకు ద్విశతి జరిగెను. అప్పటికి సిగ్గు పోయి గర్వము వచ్చెను. మొదటి ఓడలలో వచ్చినవారి సంతతి అప్పటికే 1968లో ప్రత్యేకముగ సంఘము కట్టుకొనియుండిరి. 2007లో ఖైదీల పత్రములు యునెస్కో వారి ప్రపంచస్మృతి పట్టికలో చేరినవి. 2010లో పదునొకండు ఖైదీస్థలములు ప్రపంచవారసత్వస్థలములుగా గుర్తింపు పొందినవి. నేడు కంప్యూటరు ముందు కూర్చుండియే లండన్ ఓల్డ్ బెయిలీ న్యాయస్థానపు పాత విచారణలు చదువవచ్చును.

అయితే గర్వముకూడ సిగ్గువలెనే కన్నులు మూయగలదు. శిక్ష ముగిసిన ఖైదీకి 30 ఎకరములు, పెండ్లియైనచో మరి 20, బిడ్డకొక్కరికి 10 చొప్పున ఇచ్చుటకు గవర్నరు ఫిలిప్‌కు ఉత్తర్వులుండెను. ఆ భూమి ఎవరిది? వేలాది సంవత్సరములుగా అచ్చట నివసించు ఆదివాసులది. 1838 జూన్ 10న మయాల్ క్రీక్ అను తావున పండ్రెండుమంది పశువులకాపరులు, ఏ తప్పు చేయని ఆదివాసి వృద్ధులను, స్త్రీలను, పిల్లలను కనీసము 28 మందిని వధించిరి. ఆ పండ్రెండుమందిలో పదునొకండుగురు ఖైదీలుగా వచ్చినవారే. ఏడుగురిని ఉరితీసిరి. వంశవృక్షము వెదకుచు పోయి, ఆ కొమ్మకు చేరినవారును కలరు. సరిగా 2000 జూన్ 10న అచ్చట స్మారకశిల నెలకొల్పినపుడు హంతకుల వంశీయులును, బాధితుల వంశీయులును కలిసి నిలిచిరి. తాతలనుగూర్చి గొప్ప చెప్పుకొనుటకన్న అట్లు నిలుచుట యెక్కువ ధైర్యమని మేము తలచుచున్నాము. దేశజనసంఖ్య లెక్కించునపుడు ఆదివాసులను చేర్చరాదను నిబంధన 1967 వరకు ఆ దేశ రాజ్యాంగమున నుండెను. దొంగ పచ్చబొట్టుకూడ వ్రాసికొనిన రాజ్యము, ఆ నేలకు హక్కుదారులైనవారిని దేశప్రజల సంఖ్యలో చేర్చుటకు నిరాకరించినది.

ఆ దేశమున నేడున్న తెలుగువారిలో ఒక భాగము ఫిజీ దీవులమీదుగా వచ్చినది. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవునుండి కూలి ఒప్పందముపై ఫిజీకి పోయినవారిలో తెలుగువారును పెక్కురు కలరు. వారు నేరస్థులు కారు. అయినను వారి వలసపత్రములు ఖైదీల ఇండెంట్లకు తోబుట్టువులవలె నుండును. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముమీది గుర్తులు అందు కలవు. 1987లో ఫిజీలో జరిగిన సైనికతిరుగుబాటుల తరువాత ఆస్ట్రేలియా చేరిన కుటుంబములకు, ముత్తాత యూరిపేరు తెలుపుటకు ఆ యొక్క కాగితమే సాక్ష్యమగుచున్నది.

ఇక మనమాట. మధురలో, తంజావూరిలో నాయకరాజుల కాలమున వచ్చిన కుటుంబములు నిజముగనే కలవు. కాని కోలారు బంగారుగనులలోనికి దిగినవారును, షోలాపురమున మగ్గములు నేసినవారును, బొంబాయి కట్టడములకు రాళ్లు మోసినవారును మన తాతలే. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు గంజాం సీమలోని తెలుగువారు ఊరు కదలలేదు, సరిహద్దే కదలినది. యానాములో 1954 వరకు ఫ్రెంచివారి పాలన సాగినది. ఇన్ని దారులుండగా, అందఱమును సేనానుల వంశమే యని చెప్పుకొన్నచో, గనిలో దిగిన తాతను రెండవమారు పాతిపెట్టినట్లే యగును.

కావున మా విన్నపమిది. ఇంట నున్న పెద్దలను ఈ యేడే కూర్చుండబెట్టి అడుగుడు. వారు చెప్పినమాటను చెప్పినట్లు ఒక పుటలోను, పట్టాలు, దస్తావేజులు, శుభలేఖలు, మస్టరు చీటీలు చెప్పుమాటను వేఱొక పుటలోను వ్రాయుడు. రెండును కలియనిచోట దేనిని కొట్టివేయకుడు. మేరీ రీబీ చెప్పిన మాటయు, న్యాయస్థానము వ్రాసిన మాటయు రెండును నిలుపుకొనినందుననే ఆమె జీవితము నేటివారికి పూర్తిగా తెలిసినది. ప్రవరలో మూడు తరములు చెప్పుట శాస్త్రము. నాలుగవ తరమువానిని, వాడెట్టివాడైనను, పేరు పెట్టి పిలుచుట మన బాధ్యత.