ఫురూసియ్యా – గుర్రాన్ని మాలిమి చేసే విద్య

అరబ్బీలోని 'ఫురూసియ్యా' అన్న పదాన్ని మనవారు సాధారణంగా 'అశ్వయుద్ధ విద్య' అని అనువదిస్తున్నారు. తప్పనలేము గాని, అది సగం అర్థమే. ఈ అనువాదం చదివినవారి కళ్ళకు ఈటె, విల్లు, కరవాలం కనబడతాయి. గుర్రం మాత్రం వాటి చాటున పడిపోతుంది.

తొమ్మిదో శతాబ్ది చివరలో, అబ్బాసీ ఖలీఫా ముఅ్‌తజిద్ (892–902) కాలంలో, ఇబ్ను అఖీ హిజామ్ అనే అశ్వశాలాధికారి ఈ విద్యపై రచన చేశాడు. అరబ్బీలో నేటికి మిగిలిన తొలితరం ఫురూసియ్యా రచనలలో అది ముఖ్యమైనది. జీను లేని వట్టి వీపు మీద సవారీయే ఈ విద్యకు పునాది అని ఆయన మతం. ఇందులోని యుక్తి గ్రహించదగినది. జీను, రికాబులు ఉంటే కొత్తవాడు కాళ్ళ బరువంతా రికాబుల మీద మోపి, తూలినప్పుడల్లా పగ్గాలు పట్టుకొని వేలాడతాడు. కళ్ళెం నోట్లో ఒరుసుకొని గుర్రం తల ఎగరవేస్తుంది. అతడు దాన్ని పొగరుమోతు అంటాడు! వట్టి వీపు మీద అయితే కుదురు తొడల పట్టులోనే దొరకాలి. గుర్రం వెన్ను కదలిక రౌతుకు తెలుస్తుంది, అతడు ఎటు ఒరిగాడో గుర్రానికీ తెలుస్తుంది. చేతులు తేలికపడతాయి.

కైరోలోని మమ్లూకు శిక్షకులు మరొక మెట్టు కిందనుండి మొదలుపెట్టారు. శిష్యుడు ముందుగా మట్టితోనో, రాతితోనో, కొయ్యతోనో చేసిన బొమ్మగుర్రం మీదికి ఎక్కడం నేర్వాలి. తరువాతనే ప్రాణమున్న గుర్రం, అదీ వీపున ఒక గుడ్డ మాత్రమే కప్పి. జీను ఆ తరువాతి సంగతి. నేర్చేవాని పొరపాట్లు గుర్రం వీపు భరించనక్కరలేదన్నది ఇందులో నాకు కనిపించే మేలు.

హదీసు చదివినవారికి ఇది కొత్త కాదు. మదీనాలో ఒక రాత్రి కలవరం రేగినప్పుడు దైవప్రవక్త (స) అబూ తల్హా (రజి) గుర్రాన్ని జీను లేకుండానే ఎక్కి, అందరికంటె ముందు వెళ్ళి చూసి వచ్చారు. మందగమనానికి పేరుపడ్డ ఆ గుర్రాన్ని ఆయన సముద్రంతో పోల్చారని అనస్ (రజి) ఉల్లేఖనం. హజ్రత్ ఆయిషా (రజి) మొండి ఒంటెను అటూ ఇటూ బలవంతంగా తిప్పుతున్నప్పుడు మృదువుగా వ్యవహరించమని ఆమెకు బోధించిన ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది.

భాష కూడా ఇదే సాక్ష్యమిస్తుంది. నేడు రాజకీయాలకు వాడే 'సియాసత్' పశువును సాకి దారికి తెచ్చే పనిని తెలిపే ధాతువు నుండి వచ్చినదే. హైదరాబాదులో బగ్గీలు తిరిగిన రోజుల్లో గుర్రాన్ని చూసుకునే 'సాయీసు' పేరూ ఆ ధాతువుదే. 'రియాజత్' అంటే మొదట గుర్రప్పిల్లను మాలిమి చేయడం. ఇమామ్ గజాలీ (మరణం 1111) మనోనిగ్రహంపై వ్రాసిన ప్రకరణానికి ఆ మాటనే పెట్టుకున్నారు. సంగీతజ్ఞుల 'రియాజు' కూడా దాని తోబుట్టువే.

ఇక డమాస్కసు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) తన 'అల్ ఫురూసియ్యా'లో జ్ఞానానికీ వివరణకూ సంబంధించిన ఫురూసియ్యా ఒకటి, బాణానికీ ఈటెకూ సంబంధించినది మరొకటి అని విభజించారు. ఆయుధ ఫురూసియ్యాను వివరిస్తూ నాలుగు అంగాలు చెప్పినప్పుడు విలువిద్యనూ, ఈటెనూ, కత్తినీ తరువాతకు ఉంచి, గుర్రపుస్వారీని మొదట పెట్టారు.