మార్పు చేసిన కార్లకు డ్రైవ్‌షాఫ్ట్ ఎంపిక: చారిత్రక పరిశీలన

మోటారు వాహనాల చరిత్ర అనగానే విద్యార్థులు ఇంజన్ల పేర్లు ఏకరువు పెడతారు. ఇంజన్ శక్తిని వెనుక ఇరుసుకు చేరవేసే డ్రైవ్‌షాఫ్ట్ ఎవరికీ గుర్తుకు రాదు. మన లారీ షెడ్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ అనేది దీనినే. ఇంజన్ మార్చిన కారుకు ఎటువంటి షాఫ్ట్ వేయాలన్న ప్రశ్నకు జవాబు అంచెలంచెలుగా దొరికింది. ఆ క్రమాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఒకదానికొకటి వాలుగా ఉన్న రెండు దండాలను కలిపే కీలును 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ వివరించాడు. ఇందులో ఒక చిక్కుంది. మొదటి దండం నిలకడగా తిరిగినా, రెండవది ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకొని, రెండుసార్లు తగ్గుతుంది. షాఫ్ట్ రెండో కొనకూ కీలు అమర్చి, రెండు చోట్లా కోణాలను సమానంగా ఉంచితే ఆ హెచ్చుతగ్గులు చెల్లుకు చెల్లు అవుతాయి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివిన క్లారెన్స్ స్పైసర్ ఈ కీలును కార్లకు అనువుగా మలచి 1903లో పేటెంటు పొందాడు.

1932లో ఫోర్డ్ కంపెనీ 65 హార్స్‌పవర్ వి-8 ఇంజన్‌ను చవక కారులో పెట్టింది. దక్షిణ కాలిఫోర్నియా యువకులు ఆ కార్లకు మార్పులు చేసి ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకున్నారు. యుద్ధం తరువాత 1949లో ఓల్డ్స్‌మొబైల్, 1955లో షెవర్లే కొత్త వి-8లు తెచ్చాయి. వాటిని పాత ఫోర్డ్‌లలో బిగించడం మొదలైంది. చిక్కేమిటంటే, 1948 వరకు ఫోర్డ్ కార్ల షాఫ్ట్ ఒక గొట్టంలో మూసి ఉండేది. 1949 మోడల్‌తోనే బయటపడింది. గేర్‌బాక్సూ ఇరుసూ మారిన ప్రతి కారులో వాటి మధ్య దూరం వేరు కనుక, షాఫ్ట్‌ను కొలతకు చేయించుకోవలసి వచ్చింది.

ఇది సోకు కోసం చేసే పని కాదు. పరుగులో ముందు కీలు విరిగితే షాఫ్ట్ కొన నేలలో గుచ్చుకొని కారునే ఎత్తిపడేయగలదు. వేగవంతమైన డ్రాగ్ రేసు కార్లకు ముందు కీలు దగ్గర షాఫ్ట్ చుట్టూ ఉక్కు కడియం ఉండాలన్న నియమం అందుకే.

ఇప్పుడు మీరే షాఫ్ట్ చేయించాలనుకోండి. చక్రాలు నేలమీద ఆని, కారు బరువంతా వాటిపై ఉన్నప్పుడే పొడవు కొలవాలి. ఇంజన్ టార్క్ 500 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 3 అయితే షాఫ్ట్ మీద పడేది 1500. ఇంజన్ అంకె ఒక్కటే చెప్పి కొనేవారు ఇక్కడే దెబ్బతింటారు.

అసలు పరీక్ష వేగానిది. తిరిగే దండం ఒక వేగం దగ్గర విల్లులా వంగి ఊగిపోతుందని రాంకిన్ 1869లోనే చర్చించాడు. దీనిని సంధి వేగం అందాం. పొడవు 20 శాతం పెరిగితే అది సుమారు 30 శాతం పడిపోతుంది. 0.7 నిష్పత్తి ఉన్న ఓవర్‌డ్రైవ్ గేరులో ఇంజన్ 4200 చుట్లు తిరిగితే షాఫ్ట్ 6000 తిరుగుతుందని మరచిపోకండి.

అల్యూమినియం వేస్తే సంధి వేగం దానంతటదే పెరుగుతుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. బరువుతో పోల్చిన బిగువు ఉక్కుకూ అల్యూమినియానికీ దాదాపు సమానమే. తేలిక కనుక మరింత లావు గొట్టం వాడగలం. లాభం ఆ లావులో ఉంది. కార్బన్ ఫైబర్‌లో మాత్రం పదార్థమే మెరుగు, ధరా ఎక్కువే. షాఫ్ట్ పొట్టిగా ఉండి, కింద చోటు ఇరుకైన కారుకు నేనైతే ఉక్కు గొట్టమే సూచిస్తాను.