స్పీడు టెస్టు సరిపోదండీ, గేజీ పుస్తకం కావాలి

2022 జులైలో గోదారికి పెద్ద వరదొచ్చింది, గుర్తుండే ఉంటుంది. భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. మా ఊరు ధవళేశ్వరానికి దిగువన, ఏటిగట్టుకి ఆనుకునే ఉంటుంది. నేనేమో టెక్సాస్‌లో కేబులు రాని చోట ఇల్లు కొనుక్కుని, పెరట్లో శాటిలైటు డిష్షు పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ రాత్రి తొమ్మిదింటికి, అంటే అక్కడ ఉదయం ఏడున్నరకి, ఫోన్ చేస్తే అమ్మ "గట్టు మీద ఇసక బస్తాలు వేస్తన్నార్రా, మన రేవు దగ్గరైతే..." అంటుండగా బొమ్మ బిగుసుకుపోయింది. రేవు దగ్గర ఏమైందో తెలిసేలోపు నా ప్రాణం గొంతులోకొచ్చింది.

మళ్ళీ కలవగానే "ముందు ఆ నెట్ మార్చెయ్యరా" అని తమ్ముడి మీద ఎగిరాను. నా వైపు తప్పేమీ లేదని స్పీడు టెస్టు కొట్టి, 110 ఎంబీపీఎస్ అని ఫొటో కూడా పంపాను. అది చూసి నాన్నగారు ఒకే మాటన్నారు: "ఒక్కసారి గేజీ చూసి వరద సంగతి చెప్పేస్తారేంట్రా ఎవరైనా?"

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు ఏడేళ్ళు. అప్పుడు భద్రాచలంలో 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం దారి పట్టింది. మా తాతగారు రేడియో పక్కన పాత లెక్కల పుస్తకం పెట్టుకుని, చెప్పిన ప్రతి అంకె పక్కనా టైము వేసేవారు. "అంకె కాదురా, అంకెకీ అంకెకీ మధ్య తేడా చూడాలి. పెరుగుతోందా, నిలకడగా ఉందా, తగ్గుముఖమా?" అనేవారు. గొడ్లని ఎప్పుడు తోలుకుపోవాలో ఆ పుస్తకమే చెప్పేది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇవి ఎక్కాల్లా నోటికొస్తాయి.

అసలు మన డెల్టా బతుకే లెక్కలు రాసిపెట్టడంతో మలుపు తిరిగింది. 1821లో రాజమండ్రి జిల్లా జనాభా ఏడు లక్షల పైచిలుకు. 1841కి ఆరు లక్షల్లోపు. ఈ మధ్యలోనే నందన కరువు. ఇరవయ్యేళ్ళ తేడాతో తీసిన ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. జిల్లా ఇలా చితికిపోయిందని 1844లో మాంట్‌గోమరీ రిపోర్టు రాశాకే కాటన్ దొర వచ్చాడు. 1847లో ఆనకట్ట మొదలై 1852కి పూర్తయింది. ఏ ఒక్క సంవత్సరం అంకె చూసినా ఈ కథ కనపడదు.

మరి మన ఫీల్డులో ఏం చేశాం? 1983లో మైక్ మూస్ అనే ఆయన పింగ్ రాశాడు, జలాంతర్గాముల సోనార్ చప్పుడు పేరే దానికి పెట్టాడు. మన పడవవాళ్ళు గడ వేసి లోతు చూసినట్టే అన్నమాట. 2006లో ఊక్లా వాళ్ళ స్పీడ్‌టెస్ట్ వచ్చాక జనానికి ఒకే పెద్ద అంకె అలవాటైంది. మన సర్కారు కూడా బ్రాడ్‌బ్యాండ్ అంటే ఇంత అని గీతలు గీసింది: 2004లో 256 కేబీపీఎస్, 2013లో 512, 2023లో 2 ఎంబీపీఎస్. 2016 డిసెంబరులో అంతర్వేదికి దగ్గర్లోని మోరి గ్రామానికి ఫైబర్ వచ్చినప్పుడూ ఊళ్ళో అందరూ అడిగింది "ఎన్ని ఎంబీపీఎస్?" అనే. "ఎంతసేపు నిలబడుతుంది?" అని అడిగినవాడు నాకైతే కనపళ్ళేదు.

వరద తగ్గాక నేనూ పుస్తకం తెరిచాను. ఒక రాస్ప్‌బెర్రీ పై, వైఫై కాకుండా వైరుతో రౌటర్‌కి. అలాంటిదే తమ్ముడింట్లో ఇంకోటి. రెండుచోట్లా టైము యూటీసీలోనే, లేకపోతే పోల్చేటప్పుడు తల తిరుగుతుంది. మొదట క్రాన్‌లో అరగంటకోసారి స్పీడు టెస్టు పెట్టి నాలిక్కరుచుకున్నాను. 100 ఎంబీపీఎస్ చొప్పున పది సెకన్లంటే 125 ఎంబీ. రోజుకి 48 సార్లంటే 6 జీబీ! కొలవడానికే కాలవ ఎండగొట్టడం లాంటిది :) అందుకని స్పీడు టెస్టు రోజుకి నాలుగుసార్లు, పింగ్ మాత్రం సెకనుకోసారి. సగటు తీయకండి, మీడియన్ చూడండి. దాంతోపాటు ఎన్నిసార్లు జవాబు రాలేదో విడిగా లెక్కపెట్టండి.

ఇంకోటి, శాటిలైటు ఏ రకమో చూసుకుని తీర్పు చెప్పండి. భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల ఎత్తు. మాట పైకెళ్ళి కిందకొచ్చి, జవాబూ అలాగే తిరిగొచ్చేసరికి కాంతి వేగంతోనే దాదాపు అర సెకను. అది భౌతికశాస్త్రం, కంపెనీని తిట్టి లాభం లేదు. నాది 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే రకం. దూరం సమస్య కాదు, కానీ ఆ శాటిలైట్లు కదిలిపోతూ ఉంటాయి. అవి వెళ్ళే దారికి చెట్టు అడ్డమైతే ఆ కాసేపూ అంతే సంగతులు.

పది రోజుల లాగ్ గ్రాఫ్ వేసి చూస్తే తమ్ముడి గీత మా పంట కాలవలా తిన్నగా ఉంది. నాది మాత్రం కొన్ని నిమిషాలకోసారి ఐదు, పది, పదిహేను సెకన్లు తెగిపోతోంది. స్పీడు మీడియన్ 100కి పైనే! పది సెకన్ల టెస్టు ఆ సందుల మధ్యలో హాయిగా పాసైపోతోంది. బయటికెళ్ళి చూస్తే డిష్షుకి ఉత్తరాన, నేనే ముచ్చటపడి కొట్టనివ్వకుండా ఉంచిన ఓక్ చెట్టు.

డిష్షుని ఇంటి కప్పు మీదకెక్కించాను, చెట్టు జోలికి పోలేదు. తమ్ముడికి గ్రాఫు పంపి, "తప్పు నాదేరా" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. నాన్నగారు మాత్రం "ఆ రాసేది ఆపకు, మళ్ళీ వర్షాకాలం వస్తుంది" అన్నారు.

ఆపలేదు. ఇప్పటికీ సెకనుకో గీటు పడుతూనే ఉంది. కాకపోతే ఆ రోజు అమ్మ చెప్పబోయిన మాట మింగేసింది నా పెరడేనని తెలిశాక, ఎదుటివాడి నెట్‌ని తిట్టే ముందు నా పుస్తకం చూసుకోవడం అలవాటైంది.