గుర్రుమనే కుక్కను కొట్టడం ఎక్కడ మొదలైంది?

ఈరోజు ఎరువులు, రేట్లు పక్కన పెట్టి కుక్క సంగతి చెప్తా.

మా నల్లోడు మొండోడు. గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమనేవాడు. నేను ముల్లుకర్రతో రెండు తగిలించేవాణ్ణి. యజమాని ఎవరో తెలియాలి గదా! గుర్రుమనడం మానేశాడు. నెల తిరక్కుండానే, గిన్నె పక్కన పడ్డ బంతి తీయబోయిన మా మనవడి చెయ్యి చప్పుడు లేకుండా పట్టేశాడు. పావుగంట సబ్బుతో కడిగి, టీకాలకు పరిగెత్తాం.

అప్పుడు తెలిసింది, గుర్రుమనడం అంటే 'దూరంగా ఉండు' అని ముందే చెప్పడమని. ఆ చెప్పడాన్నే నేను కొట్టి మాన్పించా.

ఈ కొట్టే పద్ధతి మన దగ్గరే కాదు. జర్మనీలో పోలీసు కుక్కలకు తర్ఫీదిచ్చిన కొన్రాడ్ మోస్ట్ 1910లోనే పుస్తకం రాశాడు, బలవంతంతో లొంగదీయాలని. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్ బాసెల్ జూలో తోడేళ్లను చూసి, అవి పెత్తనం కోసం కొట్లాడతాయని రాశాడు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో తెచ్చిన పుస్తకంతో ఆ మాట ఊరూరా పాకింది. కుక్క తోడేలు జాతే కాబట్టి అణచకపోతే నెత్తికెక్కుతుందన్నారు.

కానీ ఆ జూ తోడేళ్లు ఎక్కడెక్కడివో తెచ్చి ఒక్కచోట పెట్టినవి. నాలుగిళ్ల కోడెల్ని ఒకే కొట్టంలో వదిలితే పొడుచుకోవా? మెక్ తర్వాత కెనడాలో ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూశాడు. మంద అంటే తల్లి, తండ్రి, పిల్లలే అని 1999లో రాశాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని ఆయనే అడిగాడు. మనలో ఎంతమందిమి అలా ఒప్పుకుంటాం చెప్పండి!

మరి చేయాల్సిందేంటి? రష్యాలో పావ్లోవ్ కుక్కలకు ఒక చప్పుడు వినిపించి తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే లాలాజలం కారింది. ఇక్కడా అదే కిటుకు. మనిషి వస్తే తిండి పోదు, ఇంకా మంచిది వస్తుందని కుక్కకు అలవాటు కావాలి.

నల్లోడు తింటుంటే పది అడుగుల దూరం నుంచే ఉడికిన గుడ్డు ముక్క విసిరి వెనక్కి వచ్చేసేవాణ్ణి. ఒళ్లు బిగబట్టాడా, ఇంకో రెండడుగులు వెనక్కి. వారాలు పట్టింది. నోట్లోది ఎప్పుడూ లాక్కోలేదు, ఇంకోటి చూపించి మార్చుకున్నా.

ఇప్పుడు నన్ను చూస్తే గిన్నె వదిలి నా చేతికేసి చూస్తాడు. అయినా పిల్లల్ని మాత్రం అటు పంపను. కొట్టం తలుపు వేశాకే వాడికి అన్నం.