రంగూను వెదురు, టోలెడో గాజు: ఒక గాలపు కర్ర చరిత్ర

పశ్చిమ ఆస్ట్రేలియా రాజధాని పెర్త్‌కు దక్షిణంగా, ఆర్మడేల్ నగరపాలక పరిధిలో హారిస్‌డేల్ అనే పేట ఉంది. ఇక్కడి ఇళ్ళు దాదాపుగా అన్నీ ఈ శతాబ్దంలో కట్టినవే. ఇలాంటి చోట పాత వస్తువేదైనా కంటబడితే అది మరో ఊరినుంచి, మరో ఇంటి గ్యారేజీ నుంచి వచ్చినదే అయివుంటుంది. వారాంతాల్లో ఇంటి ముందు పరచి అమ్మే సామానులో ఒకనాడు నాకు దొరికిన ఫ్లై రాడ్ అటువంటిదే. రెండు ముక్కలుగా విడివడే ఎనిమిదడుగుల కర్ర. ముదురు గోధుమరంగు. పిడికి చుట్టిన బెండు చేతి చెమటకు నల్లబడింది. తయారీదారు పేరుండవలసిన చోట అంటించిన కాగితం అరిగిపోయి, జిగురు మరక మాత్రం మిగిలింది. ఈ కర్ర ఎవరిది, ఎక్కడిది అన్న ప్రశ్నతో మొదలైన వెతుకులాట కలకత్తా, రంగూను, టోలెడోల మీదుగా సాగింది. ఆ దారిలో గమనించినదేమిటంటే, ఈ పనిముట్టు చరిత్రలో నిలిచిన పేర్లు చాలావరకు రేవులవీ, వర్తకులవీ. చేసిన చేతుల పేర్లు అరుదు.

మన చెరువుగట్ల మీద గాలం వేసేవాడికి కర్ర ఏదైనా ఒకటే. ఎర, బెండు, సీసపు గుండు బరువుతో దారం నీటిలోకి వెళ్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. ఈకలతో, దారంతో కట్టిన కృత్రిమ ఈగకు బరువే ఉండదు. కనుక బరువంతా మందమైన దారానిదే. ఆ దారాన్ని వెనక్కి విసరినప్పుడు కర్ర విల్లులా వంగాలి, ముందుకు తెచ్చినప్పుడు నిటారై దాన్ని నీటిమీదికి పంపాలి. ప్రస్తుతం వాడుకలో ఉన్న కొలమానంలో 5వ నంబరు దారపు మొదటి 30 అడుగులు తూగేది 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. ఇంత స్వల్పమైన బరువుకు వంగి, మళ్ళీ లేచే పదార్థమేది? గత రెండు శతాబ్దాల ఫ్లై రాడ్ చరిత్ర ఈ ప్రశ్నకు వెతికిన జవాబుల వరసే.

మూడు రేవులు

పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళలో రాడ్‌లను హికరీ, లాన్స్‌వుడ్, గ్రీన్‌హార్ట్ వంటి గట్టి కొయ్యలతో చేసేవారు. అవి బరువైనవి. 1840లలో పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో తుపాకులు, వయొలిన్లు చేసే సామ్యుయెల్ ఫిలిప్పీ వెదురును నిలువునా చీల్చి, బద్దలను అంటించి రాడ్ చేయడంలో కొత్త దారి తొక్కాడు. తరువాతి తరం దాన్ని ఆరు బద్దల పద్ధతిగా స్థిరపరచింది. వెదురు సత్తువ దాని పై తొక్క కిందనున్న నారలో ఉంటుంది. ఆరు బద్దలను చెక్కి షట్కోణంగా అతికితే ఆ నార అంతా వెలుపలి వైపుకు వస్తుంది. ఆ తొలి రాడ్‌ల వెదురు భారతదేశం నుంచి వెళ్ళింది. పడమటి వర్తకులు దాన్ని ‘కలకత్తా కేన్’ అన్నారు. అది పెరిగింది కలకత్తాలో కాదు, ఓడ ఎక్కింది అక్కడ. గడలమీద కాల్చిన మచ్చలుండటం దాని గుర్తు.

ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యాక దాని స్థానాన్ని ‘టాంకిన్ కేన్’ ఆక్రమించింది. టాంకిన్ అంటే ఉత్తర వియత్నాం. కానీ ఈ వెదురు పెరిగేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్ కొండల్లో. వృక్షశాస్త్రవేత్త ఫ్లాయిడ్ మెక్‌క్లూర్ 1931లో దీనికి శాస్త్రీయ నామకరణం చేస్తూ ‘అమాబిలిస్’, అనగా మనోహరమైనది, అన్నాడు. శాస్త్రంలో పేరు సరిదిద్దుకున్నా వర్తకంలో టాంకిన్ టాంకిన్‌గానే మిగిలింది.

మూడో పేరు ఆస్ట్రేలియాకూ తెలుగువారికీ మరింత దగ్గరిది. యుద్ధానికి ముందు ఇక్కడి సముద్రతీరాల్లో అలలమీదికి గాలం విసిరేవారు పొడవాటి ‘రంగూన్ కేన్’ వాడేవారు. ఇది చీల్చి అతికినది కాదు, నిండు గడ. ఫ్లై రాడ్‌కు ఇది పనికిరాదు గాని, ఆస్ట్రేలియాలో ఫైబర్‌గ్లాస్ వచ్చి తొలగించినవాటిలో ఇదీ ఒకటి గనుక ఈ కథలో దాని చోటు దానికుంది. ఆ కాలపు రంగూను రేవులో ఓడలకు సరుకెత్తి దించే కూలీలలో ఎక్కువమంది తెలుగువారు. కోరంగి రేవునుంచి వెళ్ళినందున బర్మాలో వారిని ‘కోరంగీలు’ అనేవారు. అంటే మనుషులకు సైతం వారు బయలుదేరిన రేవు పేరే పెట్టారు. 1930 మేలో ఈ రేవు కూలీల సమ్మె, దాని వెంట చెలరేగిన ఘర్షణ బర్మా చరిత్రలో నమోదైన విషాదం. 1942 మార్చిలో రంగూను జపాను సేనల వశమైంది. లక్షలాది భారతీయులు కాలినడకన, ఓడలపైన వెనుదిరిగారు. ఆస్ట్రేలియా దుకాణాలకు ఆ రేవునుంచి సరుకు రావడమూ ఆగిపోయింది. తీరంలో గాలం విసిరిన వ్యక్తికి ‘రంగూను’ అన్నది కర్ర నాణ్యతను తెలిపే మాట. మన పూర్వీకులలో కొందరికి అది బతుకుతెరువు, ఆపైన కోల్పోయిన ఇల్లు. ఒక్క పేరులో ఈ రెండు అర్థాలూ ఇమిడి ఉన్నాయి.

గాజు వచ్చిన దారి

గాజును పోగులుగా తీయడం కొత్త కాదు. దాన్ని చవకగా, పెద్దయెత్తున తీయడం మాత్రం 1930లనాటి సంగతి. 1932లో డేల్ క్లైస్ట్ అనే యువ పరిశోధకుడు మరో ప్రయోగం చేస్తుండగా, గాలి పోటుకు కరిగిన గాజు సన్నని పోగులుగా చెదరింది. ఆ పరిశోధనకు పెద్ద గేమ్స్ స్లేటర్. దాని ఫలితంగా 1938లో ఒహాయో రాష్ట్రంలోని టోలెడో కేంద్రంగా ఓవెన్స్-కార్నింగ్ ఫైబర్‌గ్లాస్ కార్పొరేషన్ ఏర్పడింది. ‘ఫైబర్‌గ్లాస్’ నిజానికి ఆ సంస్థ వ్యాపారనామం, ఆంగ్లంలో చివర ఒకే ‘ఎస్’తో రాసినది. క్రమంగా అది పదార్థానికే పేరైపోయింది. ఇదీ వర్తకుడి పేరే.

పోగులు ఒక్కటే చాలవు, వాటిని పట్టి ఉంచే రెజిన్ కావాలి. యుద్ధం ఆ రెండింటినీ కలిపింది. విమానాల రాడార్ కప్పులకు లోహం పనికిరాదు గనుక గాజుపోగు, రెజిన్‌ల మిశ్రమాన్ని వాడారు. అదే టోలెడోలో రెజిన్లు తయారుచేసే ప్లాస్కాన్ సంస్థలో పనిచేసిన ఆర్థర్ హోవాల్డ్‌కు చేపల వేట సరదా. యుద్ధకాలంలో ఆయన వెదురు రాడ్ కొన విరిగిందనీ, మరొకటి దొరకక గాజుపోగులతో స్వయంగా చేసుకున్నాడనీ ప్రతీతి. ఆయన పద్ధతిని మిషిగన్‌లోని షేక్‌స్పియర్ కంపెనీ తీసుకొని, 1947 నాటికి ‘వండర్‌రాడ్’ పేరిట అమ్మకానికి పెట్టింది. ఇందులో పోగులన్నీ నిలువుగా పరచి, పైన సెలొఫేన్ చుట్టి ఉడికిస్తారు. తెల్లని వండర్‌రాడ్‌ల మీద కనిపించే మరచుట్ల గీత ఆ సెలొఫేన్ ముద్రే.

కాలిఫోర్నియాలో కొనొలాన్ వంటి తయారీదారులు వేరే దారి పట్టారు. వారు గాజు బట్టను త్రికోణాకారంలో కత్తిరించి, రెజిన్ పట్టించి, కొన సన్నగా తీర్చిన ఉక్కు కడ్డీకి చుట్టేవారు. దాన్ని పొయ్యిలో గట్టిపరచి, ఉక్కును బయటికి లాగితే గుల్ల కర్ర మిగిలేది. ఫినోలిక్ రెజిన్ వాడిన ఈ కర్రలకు సహజంగానే గోధుమరంగు వస్తుంది. నా చేతిలోని కర్ర రంగు అదే. ఎండకు ఎత్తి చూస్తే బట్ట నేత కూడా లీలగా కనిపిస్తుంది.

గాజు గెలుపుకు గుణమొక్కటే కారణం కాదు. కొరియా యుద్ధం నేపథ్యంలో 1950 డిసెంబరులో అమెరికా చైనా సరుకును నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా కొనసాగింది. నిల్వ ఉన్న కొద్ది సంస్థలకు తప్ప టాంకిన్ వెదురు దొరకలేదు. ఒక వెదురు రాడ్‌కు నిపుణుడు ఎన్నో గంటలు శ్రమించాలి. గాజు కర్ర కర్మాగారంలో వరసగా తయారవుతుంది, తడికి చెడదు, వంకరపోదు. సామాన్య ఉద్యోగి కొనగల ధరకు ఫ్లై రాడ్ రావడం ఈ 20 ఏళ్ళలోనే జరిగింది. ఆస్ట్రేలియాలోనూ మెల్‌బోర్న్‌కు చెందిన జార్విస్ వాకర్ వంటి పేర్లతో గాజు కర్రలు ఇంటింటికీ చేరాయి.

ఆ వైభవం ఎక్కువకాలం నిలవలేదు. 1960లలో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనా కేంద్రంలో బలమైన కార్బన్ పోగులు రూపొందాయి. 1970ల తొలినాళ్ళలో అమెరికాలోని ఫెన్విక్ సంస్థ కార్బన్ ఫ్లై రాడ్‌లను మార్కెట్లోకి తెచ్చింది. వంపుకు ఎదురునిలిచే బిగువు మామూలు గాజుపోగుకు సుమారు 72 గిగాపాస్కల్‌లైతే, మామూలు కార్బన్ పోగుకు 230 దాకా ఉంటుంది. పైగా కార్బన్ తేలిక. కొద్ది ఏళ్ళలోనే గాజు కర్రలు గ్యారేజీ మూలలకు చేరాయి.

పాత కర్రను చదవడం

ఇప్పుడవి మళ్ళీ ధర పలుకుతున్నాయి. దగ్గరి దూరానికి, సన్నని దారానికి, చిన్న ఏటికి గాజు మెత్తదనమే మేలని కొందరు గుర్తించారు. అమెరికా, జపాన్‌లలో చిన్న తయారీదారులు కొత్తగా గాజు రాడ్‌లు చేస్తున్నారు. పాతవాటిలో పేరుమోసిన వాటికోసం పోటీ ఉంది. కొనేవారికి చిక్కు వచ్చేది ఇక్కడే.

గాజు యుగంలో కర్రమీది పేరుకూ చేసిన కర్మాగారానికీ చాలాసార్లు పొంతన ఉండదు. సియర్స్ వంటి పెద్ద దుకాణాలు తమ పేరుతో అమ్మిన రాడ్‌లను చేసినవారు వేరు. ఖాళీ కర్రను తెప్పించుకొని, గైడ్లు కట్టి, పిడి అమర్చి, పిడి పైన సిరాతో తమ పేరు రాసుకున్న స్థానిక పనివారు వేరు. కాబట్టి కొనేవాడు పేరునుకాక వస్తువును చదవాలి. రెండు ముక్కలనూ కలిపి కంటికి ఎదురుగా పట్టి, తిన్నగా ఉందో లేదో చూడాలి. వేలిగోటితో తాకుతూ పోతే పోగులు తెగినచోట తెల్లని మచ్చ, కొద్దిపాటి మెత్తదనం తెలుస్తాయి. అటువంటి కర్ర గోడకు అలంకారం మాత్రమే. ముక్కలు కలిసే లోహపు ఫెరూల్ వదులైతే బాగుచేయడం కష్టం, అరిగిన దారపు కట్లు మాత్రం సులువుగా మార్చుకోవచ్చు. పాత రాడ్ మీద నంబరుకు బదులు ‘హెచ్‌డీహెచ్’ వంటి అక్షరాలుంటే అవి 1960ల ఆరంభానికి ముందరి పట్టుదారపు కొలతలు. ఆ మూడక్షరాలు ఇప్పటి 6వ నంబరుకు దగ్గర. 

నా కర్రను చూసిన ఒక సేకర్త, కాలిఫోర్నియాలోని ఒక ప్రసిద్ధ సంస్థ పేరు చెప్పి, ఆ పేరుతో అమ్మితే పదింతలు వస్తుందన్నాడు. రంగు సరిపోతుంది, నేత సరిపోతుంది. కానీ ఆ రంగూ ఆ నేతా ఆనాటి ఎన్నో కర్మాగారాలకు సమానమే. ఫినోలిక్ రెజిన్, చుట్టిన బట్ట, లోహపు ఫెరూల్: ఈ మూడూ కలిసి ఇది కార్బన్‌కు ముందరి తరానిదనీ, వండర్‌రాడ్ కాదనీ చెబుతాయి. అంతకుమించి చెప్పవు. చెప్పని మాటను చెప్పించడం, పెరగని చోటును వెదురుకు అంటగట్టిన వర్తకపు అలవాటునే మళ్ళీ కొనసాగించడం అవుతుంది.

నీటి దగ్గర

ఈ కర్రను మొదట వాడింది ట్రౌట్ కోసమే అయివుండవచ్చు. ట్రౌట్ కూడా ఈ నేలకు వలస వచ్చినదే. 1864లో ‘నార్ఫోక్’ ఓడలో మంచు, నాచు నడుమ భద్రపరచిన గుడ్లు ఇంగ్లండు నుంచి టాస్మానియా చేరి అక్కడ పొదిగాయి. పశ్చిమాన పెంబర్టన్ కేంద్రం నుంచి ఇప్పటికీ ట్రౌట్ పిల్లలను ఏళ్ళలో వదులుతున్నారు. అయితే నైరుతి ప్రాంతంలో 1970 నుంచి ఏప్రిల్-అక్టోబరు వానలు సుమారు 16 శాతం తగ్గాయి. చల్లని నీటి చేపకు ఇది అనుకూలమైన కాలం కాదు. హారిస్‌డేల్ పక్కనున్న ఫారెస్ట్‌డేల్ సరస్సు రామ్‌సర్ జాబితాలోని చిత్తడినేల. వేసవిలో దాని అడుగు మట్టి కనిపిస్తుంది.

అందుచేత నేను కానింగ్ నదికి వెళ్తాను. అక్కడ దొరికే బ్లాక్ బ్రీమ్ దక్షిణ ఆస్ట్రేలియా తీరపు నీళ్ళకు సొంత చేప. పడిపోయిన చెట్ల మొదళ్ళలో దాగి, అనుమానంతో కదులుతుంది. నలభై అడుగులు దాటి విసరనక్కరలేదు. కార్బన్ అలవాటైన చేయి మొదట తొందరపడుతుంది, దారం మెడమీద పడుతుంది. వెనుక దారం పూర్తిగా చాపుకొనేదాకా ఒక్క క్షణం ఆగితే, వంపు పిడిలోని బెండు దాకా దిగివచ్చి అరచేతికి తెలుస్తుంది. చేప గుంజినప్పుడు కర్ర మొత్తంగా వంగి, సన్నని దారం తెగకుండా కాపాడుతుంది. నీళ్ళు ఉప్పుకలిసినవి గనుక ఇంటికి రాగానే మంచినీటితో ఫెరూల్ కడిగి ఆరబెట్టాలి.

కానింగ్ అన్నది ఎన్నడూ ఈ నదిని చూడని ఒక బ్రిటిష్ రాజకీయవేత్త పేరు. నూంగార్ ప్రజలు దీన్ని జార్ల్‌గారా అంటారు. వారు దక్షిణాన సెర్పెంటైన్ నదిపై బారగప్ వద్ద కొయ్యతో కట్టిన చేపల కట్టు, మనం చెప్పుకున్న కర్రలన్నిటికన్నా పాతదైన విద్యకు సాక్ష్యం.

గత చలికాలంలో కర్రకు దారపు కట్లు మార్చి, కొత్త వార్నిష్ పూశాను. పిడి పైన పాత జిగురు మరకను గీకివేయలేదు. ఆ చోట పేరు రాయడానికి సన్నని కలం, సిరా సిద్ధంగానే ఉన్నాయి. ఏమీ రాయకుండా వార్నిష్ వేసి ఆరబెట్టాను.