అక్షరాల వెంట వచ్చే షరతులు

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని ఒక పాఠశాలలో భౌతికశాస్త్ర ప్రశ్నపత్రం తయారవుతున్నదనుకొందాం. ప్రశ్న తెలుగు లిపిలో ఉంటుంది. సమీకరణంలోని సంకేతాలు రోమన్ లిపిలో ఉంటాయి. కంప్యూటరు తెరమీద రెండూ ఒకే చేతివ్రాతవలె కనబడుతాయి. కాని అనేక ఫాంట్లలో తెలుగు అక్షరాలు గీసినవారొకరు, రోమన్ అక్షరాలు గీసినవారు మరొకరు. ఫాంటు అనగా కేవలం బొమ్మల పట్టిక కాదు. ఏ వత్తు ఎక్కడ చేరవలెనో, ఏ గుణింతం ఏ రూపం దాల్చవలెనో చెప్పే ఆదేశాలు దానిలో ఉంటాయి. ఆ మేరకు అదీ ఒక చిన్న ప్రోగ్రామే.

ఇద్దరి కృషిని ఒకటిగా కలిపే హక్కు ఎక్కడినుండి వచ్చినది? ప్రోగ్రాము వ్రాసినవారికి కాపీరైటు దానంతట అదే సంక్రమిస్తుంది. వారు అనుమతించనిదే ఇతరులు దానిని మార్చి పంచరాదు. ఆ అనుమతిని తెలిపే పత్రమే లైసెన్సు. మిర్యాలగూడ మిల్లులో పది ఊళ్ల వడ్లు కలిపి ఆడిస్తే ఏ గింజ ఏ ఊరిదో ఎవరూ అడుగరు. ప్రోగ్రాముల సంగతి వేరు. ఎన్ని కలిపినా ప్రతి భాగం తన షరతులను వెంటబెట్టుకొనియే వస్తుంది.

ఈ చిక్కు తొలుత స్పష్టంగా బయటపడినది అమెరికాలోని బర్క్లీలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అక్కడ యూనిక్స్‌కు చేర్చిన నెట్‌వర్కు ప్రోగ్రాములను 1989 జూన్‌లో ఉదారమైన షరతులతో విడుదల చేసినది. ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు. కాపీరైటు ప్రకటనను మాత్రం తొలగించరాదు. దీనితోపాటు మరొక షరతు కూడా ఉండెను: ఈ ప్రోగ్రాము లక్షణాలను పేర్కొనే ప్రతి వ్యాపార ప్రకటనలోనూ విశ్వవిద్యాలయం పేరు చెప్పవలెను. ఒక్క పేరైతే ఎవరికీ భారం కాదు. కాని ఇతరులు ఆ పత్రాన్నే నకలు చేసికొని, విశ్వవిద్యాలయం పేరున్న చోట తమ పేర్లు చేర్చుకొన్నారు. నెట్‌బిఎస్‌డి అనే వ్యవస్థ 1997 నాటి ప్రతిలో ఇట్టి వాక్యాలు 75 ఉన్నట్లు రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కించినాడు. అన్నీ పాటిస్తే ప్రకటనలో సరుకు పేరుకు చోటు మిగలదు!

1999 జూలై 22న విశ్వవిద్యాలయం ఆ షరతును రద్దు చేసినది. అయితే అది తన ప్రోగ్రాములకే. నకలు చేసికొన్నవారి షరతులను రద్దుచేయు అధికారం దానికి లేదు. ఎవరికి వారే మార్చుకోవలసి వచ్చినది.

ఎం.ఐ.టి. పత్రం ఇంతకంటె పొట్టిది. కాపీరైటు ప్రకటననూ అనుమతి పాఠాన్నీ ప్రతులతో ఉంచితే చాలు. 2004 జనవరిలో వెలువడిన అపాచీ రెండవ పత్రం మార్చిన ఫైళ్లలో ఆ సంగతి తెలుపవలెనన్నది. పేటెంట్లను గూర్చి కూడ నియమాలు విధించినది. ఉదారమైన ఈ మూడు పత్రాల కింద ఉన్న భాగాలను కలుపుట కష్టం కాదు. ప్రతి భాగానికీ దాని పత్రాన్ని అట్లే ఉంచి, అన్ని ప్రకటనలనూ ఒకచోట కూర్చవలెను. ఒకదానిని తొలగించి మరొకదానినే మొత్తానికి అంటించుట పొరపాటు.

వీటికి జి.పి.ఎల్. అనే పత్రం తోడైనప్పుడు అసలు ఇబ్బంది మొదలవుతుంది. మొత్తం రచనను తన షరతులతోనే పంచవలెనని, అదనపు ఆంక్షలు విధించరాదని అది పట్టుబడుతుంది. అందుచేత 1991 నాటి దాని రెండవ పాఠంతో అపాచీ పత్రం పొసగదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తేల్చినది. 2007లో వచ్చిన మూడవ పాఠంతో ఆ పేచీ తీరినది.

తెలుగు ఫాంట్లకు కూడ ఈ చరిత్ర తగిలినది. రెడ్‌హాట్ సంస్థ లోహిత్ ఫాంట్లను మొదట జి.పి.ఎల్. కింద పంచినది. అట్టి ఫాంటును ఒక పత్రంలో పొదిగితే ఆ పత్రానికీ అవే షరతులు వర్తిస్తాయా అన్న సందేహం వచ్చెడిది. ప్రశ్నపత్రం వ్రాసే ఉపాధ్యాయునికి ఇది చిన్న సందేహమేమీ కాదు. 2011లో లోహిత్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సులోకి మారినవి. ఫాంటుతో తయారైన పత్రాలకు తన షరతులు అంటవని ఈ లైసెన్సు స్పష్టంగా చెప్పుతుంది. మార్చిన ఫాంటు మాత్రం దీనికిందనే ఉండవలెను. మూలకర్త ప్రత్యేకించుకొన్న పేరును మార్చిన ప్రతికి పెట్టరాదు.

ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన గిడుగు, గురజాడ, సురవరం మొదలైన ఫాంట్లు ఈ లైసెన్సు కిందివే. సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. అందులో 354 మంది కవులను ఒకే గ్రంథంలో చేర్చినారు. ఎవరి పద్యం వారి పేరుతోనే ఉన్నది. ఆయన పేరు ఇట్టి ఫాంటుకు పెట్టుట బాగున్నది.

గూగుల్ సంస్థ నోటో ఫాంట్లు మొదట అపాచీ పత్రం కింద ఉండెడివి. వాటి అక్షరాలను ఓపెన్ ఫాంట్ లైసెన్సు గల ఫాంటులో చేర్చబోతే, మొత్తం తన కిందనే ఉండవలెనని ఒక పత్రం, తన ప్రకటనలు పోరాదని మరొకటి అడ్డుపడెడివి. 2015లో నోటో కూడ ఓపెన్ ఫాంట్ లైసెన్సులోకి మారినది. అప్పటినుండి లోహిత్ తెలుగు అక్షరం పక్కన నోటో అక్షరాన్ని చేర్చి కొత్త ఫాంటు చేయదలచినవారు రెండు కాపీరైటు ప్రకటనలనూ ఉంచి, ప్రత్యేకించిన పేర్లను విడిచి, కొత్త పేరు పెట్టుకొంటే సరిపోతుంది.