హాస్టల్ లేదన్నారు

వాల్తేరు, 1930ల చివరి సంవత్సరాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి ముందుకు ఒక యువతి వచ్చింది. పాతికేళ్లు దాటిన వయసు. అప్పటికే మూడుసార్లు జైలుకు వెళ్లొచ్చిన మనిషి. కాశీ విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి మెట్రిక్, ఇంటర్ పాసైంది. రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్స్ చదువుకుంటాను, చేర్చుకోండి అన్నది ఆమె కోరిక.

రెడ్డిగారు చాదస్తుడు కాదు. ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి తెలుగు విమర్శకు కొత్త దారి చూపినవారు. ఆడవాళ్లకు చదువెందుకు అనే రకం అసలే కాదు. అయినా వీలుకాదన్నారు. ఆయన చెప్పిన కారణం ఒక్కటే: విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదు. చేర్చుకుంటే ఎక్కడ ఉంటారు?

ఈ మాటకు బదులు చెప్పడం కష్టం. తెలివి లేదంటే మార్కులు చూపించవచ్చు. ఆచారం ఒప్పుకోదంటే వాదించవచ్చు. ఉండడానికి చోటు లేదంటే మాత్రం అడిగిన మనిషి తలొంచుకుని వెళ్లిపోవడమే మిగులుతుంది. ఎందుకంటే అది నిజం. అప్పటికి ఎందరు తండ్రులు ఈ ఒక్క మాటతో కూతురి పుస్తకాలు అటకెక్కించారో!

ఆ యువతి పేరు దుర్గాబాయి. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగిన మనిషి. రెడ్డిగారి మాట విని ఆమె ఏం చేసిందో చెప్పేముందు, ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. తెలుగు ఆడపిల్లల చదువు నడిచిన దారి కూడా చాలావరకు అదే.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. ఆ ఊరికి కూతవేటు దూరంలోని ధవళేశ్వరంలో కందుకూరి వీరేశలింగం పంతులు బాలికల పాఠశాల పెట్టి అప్పటికి ముప్పై అయిదేళ్లు. పంతులుగారు 1874లో ఆ బడి తెరిచినప్పుడు ఆడపిల్లను బడికి పంపడమే పెద్ద అప్రతిష్ఠ. అదే ఏట పుట్టిన భండారు అచ్చమాంబకు బడి గడప తొక్కే యోగమే లేకపోయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. అలా నేర్చుకున్న చదువుతోనే దేశంలోని గొప్ప స్త్రీల చరిత్రలు వెతికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1905లో, ముప్పై ఏళ్లకే కన్నుమూసింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పుట్టిన పిల్ల దుర్గాబాయి. కాలం కొంచెం మారింది, మరీ ఎక్కువేం మారలేదు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు.

కాకినాడలో పెరిగిన ఆ పిల్లకు గాంధీగారి మాట తలకెక్కింది. తాను హిందీ నేర్చుకుంది, నేర్చుకున్నది దాచుకోలేదు. కాకినాడలో బాలికా హిందీ పాఠశాల పెట్టి ఆడవాళ్లకు హిందీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ పాఠశాలలో ఆమె తల్లి కృష్ణవేణమ్మ కూడా ఒక విద్యార్థిని. కూతురు పలక మీద రాసి చూపిస్తుంటే తల్లి దిద్దుకుంటున్న ఆ పగళ్లు నా మనసును వదలవు. పన్నెండు, పదమూడేళ్ల పంతులమ్మ. ఎదురుగా అమ్మలు, పిన్నమ్మలు, పొరుగింటి అత్తలు.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీరు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని పెద్దలు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, ఆయన దగ్గర టికెట్ లేదు. ఆ పిల్ల ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి మందలించబోతే, మీరు చెప్పిందే చేశానంది. చివరికి వాళ్లే రెండణాలు పెట్టి టికెట్ కొన్న తర్వాతే నెహ్రూ లోపలికి వెళ్లారు. ఈ సంగతి అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో ముచ్చట కన్నా ఆమె స్వభావం కనిపిస్తుంది. నియమం ఉంటే అది అందరికీ ఒకటే. వాల్తేరులో అదే స్వభావం రెండో వైపు నుంచి పనిచేసింది. నియమం తన దారికి అడ్డొస్తే తనకు మినహాయింపు అడగదు, ఆ అడ్డు అందరికీ తొలగే ఏర్పాటు చూస్తుంది.

కాపురానికి వెళ్లాల్సిన వయసు వచ్చేసరికి ఆమె మనసు స్పష్టంగా ఉంది. ఆ పెళ్లి తనకు వద్దని చెప్పింది. పుట్టింటివాళ్లు వెంట నిలబడ్డారు. నూరేళ్ల కిందటి కాకినాడలో ఆ మాట పైకి అనడానికి ఎంత గుండె కావాలో, ఆ కూతురి వెనక నిలబడడానికి కన్నవాళ్లకు అంతకంత కావాలి.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం. మద్రాసులో 1930లో అరెస్టు. 1933 దాకా మూడుసార్లు జైలు. మదురై జైలులో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. జైళ్లలో ఆమె చుట్టూ ఉన్న ఆడఖైదీల్లో చాలామందికి అక్షరం ముక్క రాదు. తమ మీద ఏ నేరం మోపారో, కోర్టులో తమ తరఫున ఎవరేం మాట్లాడారో కూడా సరిగా తెలియదు. వేలిముద్ర వేయమన్నచోట వేసి లోపలికి వచ్చినవాళ్లు. చదువుకోవాలి, న్యాయశాస్త్రం చదవాలి అన్న పట్టుదల ఆమెలో పాతుకున్నది వాళ్లను చూశాకే.

బయటికి వచ్చేసరికి ఇరవై నాలుగేళ్లు. ఆ ఈడు ఆడవాళ్లు నలుగురు పిల్లల తల్లులై ఉన్న రోజులవి. మామూలు బడిలో చేరి ఒక్కో తరగతీ ఎక్కుతూ పోతే జీవితం అక్కడే అయిపోతుంది. కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు బయటి నుంచి చదివి రాయవచ్చు. ఆమె ఆ దారి పట్టింది. మెట్రిక్ గట్టెక్కింది, ఇంటరూ అయింది. రాజనీతిశాస్త్రంలో పట్టా తీసుకోవడానికి మాత్రం కాశీలో తలుపు తెరుచుకోలేదు. అందుకే వాల్తేరు వచ్చింది. అక్కడ హాస్టల్ లేదన్నారు.

ఆమె తన ఒక్కదానికి ఏదో ఒక ఇంట్లో గది చూసుకుని, నేను ఫలానా వారింట్లో ఉంటానని రాసిచ్చి ఉంటే బహుశా పని జరిగేది. ఆమెకు పరిచయాలు తక్కువేం కాదు. కానీ ఆమె పత్రికల్లో ప్రకటన వేయించింది. విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి, హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమంది.

ఆ ప్రకటన ఎవరెవరు చదివి ఉంటారు? ఇంటర్ పాసై ఇంట్లో కూర్చున్న ప్లీడరుగారి అమ్మాయి, బళ్లో పాఠాలు చెప్పుకుంటున్న వితంతువు. నాన్నగారూ, ఇది చూడండి అని పేపరు చేతికిచ్చి గుమ్మం పక్కన నిలబడ్డ పిల్లలు. అటువంటివాళ్లే అయి ఉంటారు. ఉత్తరాలు వచ్చాయి. పదిమంది దాకా తేలారు. వాళ్లంతా కలిసి ఇల్లు వెతికి, హాస్టల్ పెట్టుకున్నారు.

చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడం అలాంటిది కాదు. పెళ్లికాని ఆడపిల్లలకు, అందులోనూ పదిమందికి కలిపి ఇల్లు అద్దెకిచ్చేవారు ఇవాళే సులువుగా దొరకరు. వంట ఎవరు చేయాలి, సరుకుల డబ్బు ఎలా పంచుకోవాలి, రాత్రిపూట తలుపు తడితే ఎవరు తీయాలి, ఒంట్లో బాగోకపోతే ఎవరు చూసుకోవాలి, వీధిలో నలుగురూ నానామాటలంటే ఎవరు జవాబు చెప్పాలి? హాస్టల్ అంటే గోడలూ మంచాలూ కాదు, ఇన్ని ప్రశ్నలకు జవాబు. ఆ జవాబులన్నీ చదువుకుందామని వచ్చిన ఆడపిల్లలే వెతుక్కున్నారు.

ఇక రెడ్డిగారికి కాదనడానికి కారణం మిగల్లేదు. దుర్గాబాయి చేరింది, వెంట మిగతా అమ్మాయిలూ చేరారు. ఆనర్స్ పట్టా తీసుకుని, మద్రాసు వెళ్లి లా చదివి, 1942లో న్యాయవాదిగా నల్లకోటు వేసుకుంది. జైలులో అనుకున్నది పదేళ్లకు నెరవేరింది.

ఈ గాథ ఇక్కడితో అయిపోతే అది ఒక ధీరురాలి కథ అయ్యేది. కానీ తాను దాటిన అడ్డంకులన్నిటినీ దుర్గాబాయి గుర్తుపెట్టుకున్నారు, ఒక్కొక్కదానికీ మందు తయారుచేశారు. అందుకే ఆమె అంటే నాకు గౌరవం.

1937లో మద్రాసులో ఆమె చొరవతో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని కాశీ మెట్రిక్‌కు తయారుచేయడం ఆ సభ తొలిరోజుల ముఖ్యమైన పని. వచ్చేవాళ్లలో వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, చిన్నప్పుడే చదువు మానేసినవాళ్లు. వాళ్లకు పదేళ్ల చదువు పదేళ్లలో చెబుతామంటే కుదరదు. పెద్దవాళ్లకు లోకం తెలుసు, బాధ్యత తెలుసు, తెలియనిది పుస్తకం ఒక్కటే. కాబట్టి రెండేళ్లలో పరీక్షకు కూర్చోబెట్టవచ్చని ఆమె నమ్మారు, చేసి చూపించారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దుర్గాబాయి దానికి మొదటి అధ్యక్షురాలు. మైలాపూరులో చేసిన పనినే 1958లో దేశమంతటికీ పథకంగా తెచ్చారు. వయసు మీరిన స్త్రీలకు తక్కువ కాలంలో చదువు చెప్పి, పరీక్ష రాయించి, ఊళ్లలో పంతులమ్మలుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా నిలబెట్టడం దాని ఉద్దేశం. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం స్త్రీ విద్య మీద జాతీయ సంఘాన్ని వేసింది. అధ్యక్షురాలు ఆమే. 1959లో ఇచ్చిన నివేదికలో హాస్టళ్ల మాట ఉంది, పల్లెల్లో పనిచేసే పంతులమ్మలకు ఉండడానికి ఇళ్లివ్వాలన్న మాట ఉంది. మగపిల్లలతో కలిసి చదివే బడుల్లో చిన్నపిల్లలను కనిపెట్టుకుని ఉండడానికి ఒక పెద్దావిడను నియమించాలన్న మాట కూడా ఉంది. దొరలెవరో బల్ల ముందు కూర్చుని రాసే మాటలు కావివి. ఉండడానికి చోటు లేదని ఒకసారి వెనక్కి పంపబడ్డ మనిషి రాయించినవి.

అప్పటి లెక్క ఒకటి చూడండి. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో అక్షరాలొచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. 2011 నాటికి వాళ్లు నూటికి 64 దాటారు. 2021-22లో కేంద్రం చేసిన ఉన్నత విద్య సర్వేలో కాలేజీ ఈడు అమ్మాయిల చేరిక 28.5 శాతం, అబ్బాయిలది 28.3 శాతం. ఆడపిల్లలు ఒక వెంట్రుకవాసి ముందున్నారు. 2004లో వచ్చిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, 2016లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆడపిల్లల కోసమే తెరిచిన ముప్పై డిగ్రీ కాలేజీలు, ఇవన్నీ పనిచేసేది ఒకే సూత్రం మీద. చదువూ తిండీ నీడా ఒకేచోట ఇస్తే ఆడపిల్ల చదువుతుంది. కూలికి పోయే తల్లిదండ్రులు కూతుర్ని ఊరు దాటించి పంపడానికి ఒప్పుకుంటున్నారంటే ఆ నీడను చూసే.

ఈ లెక్కలు చూసి సంబరపడాలి, నేనూ పడతాను. కానీ వాటి పక్కనే ఇంకొకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు దేశం మొత్తమ్మీద 23.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3, తెలంగాణలో 23.5. దుర్గాబాయి పుట్టిన గడ్డ మీద ఈ అంకె దేశం సగటు కన్నా ఎక్కువ ఉండడం మనకు తలవంపు. ఆ అమ్మాయిల్లో చాలామంది చదువు ఎక్కడ ఆగిందో ఊరివాళ్లకు తెలుసు. పదో తరగతి ఊళ్లోనో పక్క ఊళ్లోనో అయిపోతుంది. ఇంటర్‌కు మండల కేంద్రం పోవాలి. బస్సు సాయంత్రం ఒక్కటే. హాస్టల్లో సీటు రాలేదు, వచ్చినచోట మరుగుదొడ్డి సరిగా లేదు, గేటుకు కాపలా లేదు. ఈలోగా సంబంధం వచ్చింది. వయసొచ్చిన పిల్ల రోజూ అంతదూరం ఎలా పోతుంది అంటాడు తండ్రి. వాల్తేరులో దుర్గాబాయి విన్న మాటే ఇది. అప్పుడు విశ్వవిద్యాలయం అన్నది, ఇప్పుడు ఇల్లు అంటోంది.

ఆ తండ్రిని తిట్టి లాభం లేదు. భయానికి కారణం ఉన్నంతకాలం భయమూ ఉంటుంది. బస్సు వేయించడం, హాస్టల్ బాగుచేయించడం, వార్డెన్ రాత్రిళ్లు అక్కడే ఉండేలా చూడడం అధికారుల పని. ఆ పని జరిగేలా అడగడం మన పని. పంచాయతీలో, పాఠశాల కమిటీ సమావేశంలో పాఠాల గురించి ఎంత మాట్లాడతామో హాస్టల్ గది గురించి, స్నానాలగది గడియ గురించి కూడా అంతే పట్టుదలగా మాట్లాడాలి.

దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో పనిచేశారు, పద్మవిభూషణ్ అందుకున్నారు. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషన్‌కు ఆమె పేరుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని స్త్రీ అధ్యయన కేంద్రానికీ ఆమె పేరే పెట్టారు.

మీ వీధిలో పదితోనో ఇంటర్‌తోనో చదువు ఆగిపోయిన అమ్మాయి ఉందేమో చూడండి. పెళ్లయి పిల్లలున్నా సరే, వయసు ముప్పై దాటినా సరే. రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ ఉంది, పదో తరగతీ ఇంటరూ ఇంటి నుంచే చదివి రాయవచ్చు. దగ్గరి అధ్యయన కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, దరఖాస్తు నింపించి, పరీక్ష ఫీజు కట్టించండి. పరీక్ష రోజున ఆమె పిల్లల్ని ఆ పూటకి మీ ఇంట్లో ఉంచుకోండి.